అరవై ఒకటో పేజీలో ఈల

ఆ రోజు చెయ్యాల్సిన పనులు డిగ్రీ జేబు పుస్తకంలో ఇలా ఉన్నాయి:

నాన్నకు బీపీ మాత్రలు.
టీచరుగారి కింది పళ్ళ సెట్టుకు మెరుగు పెట్టాలి.
మైనం అయిపోయింది, డాక్టరమ్మకు చెప్పాలి.
పదకొండింటికి ఈల తాతగారి మైనం పళ్ళు నోట్లో పెట్టి చూడటం.
నాలుగింటిలోపు ప్రూఫులు పంపాలి. అరవై ఒకటో పేజీ...

అరవై ఒకటో పేజీని ఏం చెయ్యాలో మాత్రం రాసుకోలేదు. మూడు చుక్కలు పెట్టి వదిలేశాడు. పది రోజులుగా ఆ మూడు చుక్కల దగ్గరే ఆగిపోయాడు.

డిగ్రీ అన్నది అతని పేరు కాదు. వాళ్ళ వంశంలో కాలేజీ గడప తొక్కినవాడు అతనొక్కడే కాబట్టి వీధి వీధంతా అలా పిలుస్తుంది. తండ్రి గోడలకు రంగులు వేసే మనిషి. దుకాణాల బోర్డుల మీద ఎవరో గీసి ఇచ్చిన అక్షరాల్లో అంచు దాటకుండా రంగు నింపడంలో ఆయనకు సాటి లేదు. ఆ అక్షరాలు ఏమిటో చదవమంటే మాత్రం రాదు. కొడుకు చదివింది రసాయనశాస్త్రం. చేసేది పళ్ళ డాక్టరమ్మ ఆస్పత్రి వెనకగదిలో కట్టుడు పళ్ళ తయారీ. ప్రాణం పెట్టుకున్నది మాత్రం పాటల మీద, సినిమాల మీద. వారం వారం పత్రికలో "చెవికోసుకున్నవాడు" అనే మారుపేరుతో ఏదో ఒక పాట గురించో, సన్నివేశం గురించో రాస్తాడు. నాలుగేళ్ళ రాతలు ఇప్పుడు పుస్తకం కాబోతున్నాయి. ఈసారి అసలు పేరుతోనే.

"అట్ట మీద నీ పేరు ఎంత లావు అక్షరాలతో వేస్తార్రా? జానెడుంటుందా?" అని తండ్రి రోజుకోసారి అడుగుతాడు.

"పుస్తకమే జానెడుంటుంది నాన్నా."

"అయితే బెత్తెడన్నా వెయ్యమను. రంగు ముదురుగా ఉండాలని చెప్పు. లేత రంగైతే ఎండకు వెలిసిపోద్ది."

ఇక ఆ పేజీ సంగతి. ఒక పాత పాటలో రెండో చరణం అయిపోయాక ఒక ఈల వస్తుంది. దాదాపు నిమిషం పాటు సాగుతుంది, ఎక్కడా ఊపిరి కోసం ఆగదు. డిగ్రీ ఆ ఈలను వంద సార్లయినా విని ఉంటాడు. వినగా వినగా ఒకటి పట్టుకున్నాడు. ఈల కొంతసేపు గుండ్రంగా పలుకుతుంది, తర్వాత కాసేపు సన్నబడుతుంది, మళ్ళీ గుండ్రంగా మారుతుంది. అలా సన్నబడేచోట్లు ఆరు. "ఇంత ఊపిరి మనిషన్నవాడికి ఉండదు. ఇది రెండుసార్లు రికార్డు చేసి ఆరుచోట్ల అతికించిన ఈల. వేసింది సంగీత దర్శకులే" అని ఢంకా బజాయించి రాశాడు. దర్శకుడికి ఈల సరదా ఉండేదని ఎవరో అనగా విన్నాడు, అంతే రుజువు. పాఠకులు మెచ్చుకున్నారు. కాలం చేసిన ఆ సంగీత దర్శకుడి కొడుకు అయితే పుస్తకానికి ముందుమాటే రాసిచ్చాడు: "మా నాన్నగారి ఈల రహస్యాన్ని పట్టుకున్న చెవి ఇది."

అంతా బాగానే ఉంది అనుకుంటుండగా, పది రోజుల కిందట ఈ తాతగారు పళ్ళ అచ్చు ఇవ్వడానికి వచ్చారు.

"ముందు పళ్ళు జాగ్రత్తగా కుదర్చాలమ్మా. నేను ఈల వెయ్యాలి" అన్నారు డాక్టరమ్మతో.

"ఈ వయసులో ఎవరికి తాతగారూ?" అంది డాక్టరమ్మ.

ఆయన నవ్వలేదు. జేబులోంచి నాలుగు మడతల పత్రిక ముక్క తీశారు. "ఇదిగో, ఈ పెద్దమనిషికి. ఆ పాటలో ఈల వేసింది నేనమ్మా. ఈయనెవరో చెవి కోసుకున్నాడట. కోసుకున్నాక ఏం వినపడుద్ది?"

ప్లాస్టర్ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ డిగ్రీ తేలు కుట్టిన దొంగలా వెనకగదిలోకి వచ్చేశాడు. చేతిలో గిన్నె ఉందన్న సంగతి గుర్తొచ్చేసరికి ప్లాస్టర్ రాయిలా బిగుసుకుపోయింది. ఆ గిన్నె ఇప్పటికీ బల్ల కింద అలాగే ఉంది.

అప్పటినుంచీ అతనికి తిండి సయించడం లేదు. మార్చి రాస్తే ముందుమాట పోతుంది, దాంతోపాటు పుస్తకమూ పోవచ్చు. మార్చకపోతే ముసలాయన పళ్ళు రోజూ బల్ల మీదనుంచి తనవైపే చూస్తుంటాయి. పోనీ ఆయన చెప్పేది నిజమని నమ్మకమేమిటి? ఈ కాలంలో "ఆ పాటలో నేనూ ఉన్నాను" అనేవాళ్ళకు కొదవా? అలా తనకు తాను చెప్పుకునేవాడు. చెప్పుకున్న మాట పూట కూడా నిలిచేది కాదు.

పదకొండు కాకముందే తాతగారు వచ్చారు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, పై జేబులో అదే పత్రిక ముక్క. డాక్టరమ్మ మైనంలో గుచ్చిన పళ్ళు ఆయన నోట్లో పెట్టి, "సీసా, సంచీ, సన్నజాజి అనండి" అంది.

అన్నారు. అద్దంలో చూసుకుని, "ఎవడో పెళ్ళికొడుకులా ఉన్నాడే" అని కూడా అన్నారు.

"సరిపోయాయి కదా మరి?"

"మాటకు సరిపోయాయమ్మా. పాట సంగతి తేలాలి."

"ఆ ఈల గొడవేదో మా అబ్బాయితో తేల్చుకోండి. పళ్ళు అటూ ఇటూ జరపడం అతని పని" అని డాక్టరమ్మ ఇంకో పేషెంటు దగ్గరికి వెళ్ళిపోయింది.

డిగ్రీ తాతగారికి వెనకగది తలుపు తెరిచి పట్టుకున్నాడు.

వెనకగదిలో ఉన్నది ఒకే స్టూలు. దాని మీద తాతగారు కూర్చున్నారు. స్పిరిట్ దీపం వెలిగించి, చిన్న కత్తి వేడిచేస్తూ డిగ్రీ నిలబడ్డాడు.

తాతగారు పెదాలు ముడిచారు. ఫూ... గాలి తప్ప ఏమీ రాలేదు.

"పొయ్యి ఊదినట్టుంది" అన్నారు ఆయనే.

డిగ్రీ పళ్ళు గుచ్చిన మైనం పలకను ఆయన నోట్లోంచి తీసి, కత్తితో మైనం మెత్తబరిచి, ముందు పళ్ళు రెండూ వెంట్రుకవాసి లోపలికి నెట్టాడు. మళ్ళీ గాలే. ఇంకోసారి సరిచేశాడు. ఈసారి పలకే జారి నాలుక మీద పడింది. "ఉత్త మైనం కదా తాతగారూ, అసలు సెట్టు ఇలా జారదు" అంటూ అందుకున్నాడు.

రాకపోతే బావుండు అనిపించింది అతనికి. అనిపించినందుకు సిగ్గేసింది. ఈల రాకపోతే రుజువు లేదు, అరవై ఒకటో పేజీ ఉన్నదున్నట్టు పోతుంది. కత్తి తన చేతిలోనే ఉంది. ఈ రెండు పళ్ళనూ ఒక్క పిసరు ముందుకు తోస్తే ఈయన నోట ఇక జన్మలో ఈల పలకదు. అడిగేవాడు లేడు. పళ్ళు అందంగానే ఉంటాయి, డాక్టరమ్మ కూడా మెచ్చుకుంటుంది.

కత్తిని దీపం మీద అవసరానికి మించి ఉంచేశాడు. మైనం వాసన గుప్పుమంది.

"కాల్చేస్తావా ఏంటి నాయనా?"

డిగ్రీ ఉలిక్కిపడి కత్తి వెనక్కి తీశాడు. కాసేపటికి, "మీ పాత పళ్ళు ఎలా ఉండేవి తాతగారూ?" అని అడిగాడు. పది రోజులుగా అడగాల్సిన మాట అదే. అడగకుండా తప్పించుకు తిరిగిన మాటా అదే.

"ముందు రెండింటికీ నడుమ సందుండేది. బియ్యపుగింజ దూరేంత. మా అక్క ఎగతాళి చేసేది, ఒరే నీ నోటికి కిటికీ ఉందిరా అని."

కట్టుడు పళ్ళు చేసేవాళ్ళెవరూ సందు ఉంచరు. అది వాళ్ళ లెక్కలో లోపం. డిగ్రీ ఆ రెండు పళ్ళనూ విడదీసి, నడుమ సందు తెరిచాడు. మైనం చల్లారాక ఇచ్చాడు.

తాతగారు ఊదారు. గాలి. ఊదడం ఆపి లోపలికి పీల్చారు.

ఈల వచ్చింది.

సన్నగా, చల్లగా, రెండే రెండు స్వరాలు. వంద సార్లు విన్న ధ్వని అది. రెండో రికార్డింగు అని తను రాసిన ముక్క.

"ఇప్పుడు... ఇప్పుడు మీరు పీల్చారు కదూ?"

"అవును. ఊదితే ఈ మైనం ఊగుతోంది. పీలిస్తే కుదిరింది. నాకు ఊదేదీ ఈలే, పీల్చేదీ ఈలే నాయనా. స్టూడియోలో తివాచీలు పరిచేవాణ్ణి. బరువు మోస్తూ ఈల వేసేవాణ్ణి. ఊపిరికని ఆగితే అడుగు తప్పేది. అలా అలవాటైపోయింది. సంగీత దర్శకులుగారు విని, నువ్వు రారా మైకు ముందుకి అన్నారు." పత్రిక ముక్కను వేలితో తట్టారు. "ఆరు అతుకులని రాశాడు ఈ మహానుభావుడు. ఆరు కాదు, ఏడు. ఆఖర్న తలుపు దగ్గర ఎవడో దగ్గబోయాడు. భయపడి ఓ గుక్క తొందరగా పీల్చేశా."

డిగ్రీ ఫోనులో ఆ పాట పెట్టాడు. ఈల మొదలైంది. తాతగారు కళ్ళు మూసుకుని, పీల్చిన ప్రతిచోటా ముందుగానే వేలెత్తారు. ఒకటి, రెండు... ఆరు. ఈల ముగుస్తుందనగా ఏడోసారి వేలు లేచింది. అక్కడ, రెప్పపాటు సేపు, ఈల సన్నబడింది. వంద సార్లు విన్న చెవికి అది ఇప్పుడు వినపడింది.

"తాతగారూ, అది రాసింది నేనే."

ఆయన కళ్ళు తెరిచి అతన్ని కింది నుంచి పైదాకా చూశారు.

"నా పళ్ళు నీ చేతిలో పెట్టాక ఇప్పుడా చెప్పడం?"

"క్షమించండి."

"మా అక్కకు ఎనభై దాటాయి. ఆ ఈల మా తమ్ముడిదని ఊరందరికీ చెప్పుకుంది. నీ రాత పక్కింటావిడ చదివి వినిపించాక, ఆ పాట రాగానే రేడియో కట్టేస్తోంది. నన్ను నమ్మక కాదు, నేను నొచ్చుకుంటానని." పత్రిక ముక్క మడిచి జేబులో పెట్టుకున్నారు. "సెట్టు గట్టిగా చెయ్యి. సందు పూడ్చకు. పుస్తకంలో ఏం రాసుకుంటావో నీ ఇష్టం."

"మీ పేరు...?"

"పేరు వేస్తే అదెవరో నాకే తెలీదు. అందరూ తివాచీ అనేవాళ్ళు. అదే రాయి."

ఒంటిగంటకు పుస్తకం వేస్తున్న ఎడిటర్‌కు ఫోన్ చేశాడు.

"బుద్ధుందా నీకు? ముందుమాట రాసిన ఆయన ఊరుకుంటాడా? పుస్తకం ఆగినా ఆగుతుంది. రుజువేదీ?"

"ఏడో ఊపిరి సార్. పేజీలో రాస్తాను, మీరే విని చూడండి."

"పంపు. ఆయనతో మాట్లాడతాను. మాటైతే ఇవ్వలేను" అని పెట్టేశాడు.

తర్వాత తండ్రికి. "నాన్నా, పుస్తకం ఆలస్యం కావచ్చు. రాకపోనూ వచ్చు. ఒకాయన చేసిన పని ఇంకొకాయన పేరున రాసేశాను."

"తప్పు రంగు పడితే ఆరకముందే తుడిచెయ్యాల్రా. ఆరితే గోకాల్సి వస్తుంది" అన్నాడు తండ్రి. మళ్ళీ, "మాత్రలు తెస్తున్నావా?" అన్నాడు.

పళ్ళ బల్ల మీదే, ప్లాస్టర్ పొడి దులిపి, డిగ్రీ అరవై ఒకటో పేజీ కొత్తగా రాశాడు. నాలుగుకు పది నిమిషాలుండగా పంపాడు. పుస్తకం వస్తుందో రాదో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ పేజీ చివర ఇలా ఉంది:

"ఈ ఈల అతికించింది కాదు. ఒకే మనిషి, ఒకే దఫాలో, ఊపిరి వదులుతూ, పీలుస్తూ వేసింది. అతుకులని రాసిన నా చెవిదే లోపం. ఆయన స్టూడియోలో తివాచీలు పరిచేవారు, అందరూ తివాచీ అనే పిలిచేవారు. ఈ పాట మీకెక్కడైనా వినపడితే, రెండో చరణం అయ్యాక దయచేసి మాట్లాడకండి. ఏడోసారి ఈల సన్నబడేచోట ఆయన్ను ఒక్కసారి తలుచుకోండి."