నిమిషం తొక్కుడు, నిమిషం ఆగుడు

మహిపాల్ గాడు మనిషైతే ఈ ఏడే ఆ పొలంలో పత్తి పెట్టడు, అన్న అమ్ముకున్న మన్ను ఒక్క ఏడాదైనా ఊరికే ఉండనీ అనుకునేవాడు, సొంత చిన్నాయన కొడుకు, రిజిస్ట్రేషనైన వారానికే ట్రాక్టరు దింపాడు, గెట్టు మీద నిలబడి ఫోటో దిగి వాట్సాప్‌లో పెట్టుకున్నాడు, కుంటివాడి భూమి కొన్నవాడికి ఫోటో ఒకటి తక్కువైంది, అని పళ్లు కొరుక్కుంటూ బాలరాజు తొక్కుతున్నాడు, ఉండాల్సింది మానవపాడులో, తన చేలో, ఉన్నది మాత్రం గద్వాలలో, మందుల దుకాణం పైఅంతస్తులో, ఎక్కడికీ పోని సైకిలు మీద, ఎదురుగా నిలువుటద్దం, అందులో నలభై ఆరేళ్ల మొగమొకటి చెమటలు కారుస్తూ తననే చూస్తోంది, అది మహిపాల్ గాడి మొగమైతే ఈపాటికి అద్దం పగిలేది, ఇంకా ఇరవై సెకన్లున్నయ్ అంకుల్, ఆగొద్దు, గట్టిగ, గట్టిగ, అని పక్కన కావ్య అరుస్తోంది, ఫిజియోథెరపీ పిల్ల, పాతికేళ్లుంటాయో లేవో, చేతిలో గడియారం పట్టుకుని పరుగుపందెం పెట్టించే డ్రిల్లు సారులాగా, ఏడో తరగతిలో అలాంటి సారు బెత్తానికే కదా బడి వదిలేసి వచ్చింది, వచ్చీ వచ్చీ నలభై ఆరో ఏట మళ్లీ అదే ఈల కిందికి, ఆగుండ్రి, ఇగ మెల్లగ ఆడించుండ్రి, ఊపిరి తీసుకోండ్రి, అంది కావ్య, ఊపిరి తీసుకోవడం కూడా ఈమే నేర్పాలి.

నిమిషం పాణం పోయేలా తొక్కాలట, నిమిషం ఊరికే ఆడించాలట, మళ్లీ నిమిషం, అలా ఎనిమిది సార్లు, వారానికి మూడు రోజులు, ఎనిమిది వారాలు, ఇవాళ్టితో సరి, ఇది కనిపెట్టడానికి పెద్ద పెద్ద కాలేజీలు కావలసి వచ్చింది, తాత బావి మీద మోట కొట్టిన రోజుల్లో ఎడ్లు చేసింది ఇదే, నిండు మోటను ఈడుస్తూ వాలు దిగడం, ఖాళీ మోటతో మెల్లగా వెనక్కి ఎక్కడం, పొద్దుగూకేదాకా అదే పని, ఆ ఎడ్లకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎడ్లు ఎవరికీ ఫీజూ కట్టలేదు, ఏం బాలరాజన్నా, ఇయ్యాలన్న మానవపాడు చేరుకుంటవా, అని మోకాలి ఆపరేషనైన షరీఫాబీ బల్ల మీద నుంచి నవ్వుతోంది, నీ మోకాలు వంగినంక నువ్వెనక కూసో అక్కా, ఇద్దరం పోదాం, అన్నాడు తను, అందరూ నవ్వారు, మల్లమ్మ నవ్వలేదు, గోడకు ఆనుకుని సంచి ఒళ్లో పెట్టుకుని మొగుణ్ణే చూస్తోంది, పొద్దున బస్సులోనూ ఇదే చూపు, ఇయ్యాల ఆ పిల్ల నడక కొలుస్తదంట గద, అంది, కొలిస్తే ఏమొస్తది, గదే కుంటి నడక, అన్నాడు, నీ మొగం చూస్తుంటే నడక రావద్దని మొక్కుకున్నోని లెక్కున్నవ్, అంది, బస్సు కిటికీ వైపు తిరిగాడు, ఆడదానికి మాటలేం తక్కువ.

మళ్లీ తొక్కుడు, ఎడమ పాదాన్ని కావ్య పట్టీతో కట్టింది, మూడేళ్ల కింద ఆ పాదానికే చెప్పు నల్లరేగడిలో ఊడిపోయింది, ఊడినట్టు తెలియలేదు, ఒంటిచెప్పుతో తూలుకుంటూ ఇల్లు చేరితే పొద్దుగాల్నే తాగిండని ఊరంతా చెప్పుకుంది, చుక్క ముట్టనివాణ్ణి తాగుబోతుని చేసిన ఊరు, పాడుగాను, ఆ తర్వాత హైదరాబాదులో పెద్ద డాక్టరు తలకాయ ఫోటో చూసి ఎమ్మెస్ రోగం అన్నాడు, పంపుసెట్టు వైరు మీద ప్లాస్టిక్ ఊడిపోయినట్టు నరాల మీద పొర ఊడుతోందట, సూదిమందుతో ముదరకుండా ఆపుతాడట, ఊడింది మాత్రం అతికించలేడట, అతికించడం రానివాడికి అంత పెద్ద కుర్చీ ఎందుకో, ఊళ్లో వాళ్లింకా ఘనులు, పండుకో, కదలకు, నరాలు అలిసిపోతయ్, అని మంచంలోకే అన్నీ తెచ్చిచ్చారు, రెండేళ్లు పడుకున్నాడు, తొడలు తుమ్మకట్టెలయ్యాయి, ఇది రోగాన్ని పోగొట్టదు అంకుల్, ఉన్న సత్తువను మేలుకొల్పుతది, రెండు నెలలు నా మాట ఇనుండ్రి, అని ఈ పిల్ల మొదటి రోజే చెప్పింది, రోగం పోనిది ఎందుకు మరి, మెడ మీద తడిగుడ్డ, నెత్తి మీద ఫ్యాను, ఒళ్లు వేడెక్కితే కంటి ముందు మబ్బు కమ్ముతది, చల్లబడితే అదే పోతది, భయపడకుండ్రి, అంది, ఇదిగో ఇప్పుడూ కమ్మింది, అద్దంలో మొగం చెరిగిపోయింది, ఎండాకాలం చేను నడుమ ఇలాగే కమ్మితే కళ్లు పోయాయనుకుని గెట్టు పట్టుకుని పాకాడు, చల్లబడితే పోతుందని అప్పుడు చెప్పిన మొగోడు ఒక్కడూ లేడు, ఎనిమిది, అయిపోయింది, శబాష్ అంకుల్, శబాష్ అట, ఎద్దును చరిచినట్టు భుజం చరిచింది.

ఇక నడక, నేల మీద ఎర్ర టేపుతో రెండు గీతలు, నడుమ ఇరవై అయిదడుగులు, మొదటి రోజు కట్టె పట్టుకుని పంతొమ్మిది సెకన్లు, ఆ లెక్క రాసిన కాగితం అట్టకు గుచ్చి ఉంది, పెబ్బేరు సంతలో ఎద్దును కొనేముందు అటూ ఇటూ నడిపించి చూసినట్టు ఇక్కడ మనిషిని నడిపించి చూస్తారు, ఎన్ని ఎడ్లను తనే నడిపించి చూడలేదు, ఇవాళ కూడా పంతొమ్మిదే రావాలి, ఇరవై వస్తే ఇంకా మంచిది, వస్తే పొలం అమ్మింది సరైన పనే, చేను తొక్కలేనివాడు చేను ఉంచుకుని ఏం చేస్తాడు, కౌలుకిచ్చి మంచంలో పడుకుని ఇంకొకడి పంట చూసి ఏడవాల్నా, పంతొమ్మిది వస్తే ఎవరూ ఏమీ అనలేరు, మల్లమ్మ కూడా, తక్కువొస్తే అన్న మాటను మాత్రం దగ్గరికి రానివ్వడు, కట్టె వద్దు అంకుల్, ఇయ్యాల ఉత్తగనే నడువుండ్రి, అంది కావ్య, సరే, ఈడ్చడం తనకు రాదా, మూడేళ్లు చేసిన పనే కదా, నడుము వంచి, కాలు ఈడుస్తూ, గీసుకుంటూ, మెల్లగా, గీత ఇంకా సగం దూరంలో ఉంది, బాగా కుదిరింది అనుకుంటున్నాడు, అప్పుడు గోడ దగ్గర నుంచి మల్లమ్మ, ఏమయ్యా, నీకు లేవనిది ఎడమ కాలు గదా, కుడిది ఈడుస్తున్నవేంది, అంది, షరీఫాబీ బల్ల మీద పడి పడి నవ్వింది, కావ్య గడియారం దించి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నిజంగా కుంటినన్నాళ్లు ఏ కాలో తలుచుకునే పనే పడలేదు.

మళ్లీ మొదటి గీత దగ్గర నిలబడ్డాడు, ఈసారి ఎవరూ నవ్వడం లేదు, మల్లమ్మ కళ్లు నేల మీద పెట్టుకుంది, నడిచాడు, ఎడమ పాదం లేచింది, జరంత వంకరగా, కానీ లేచింది, నేలను గీయలేదు, గెట్టు దాటేటంత ఎత్తు లేచింది, పదకొండు, అంది కావ్య, పదకొండు సెకన్లు అంకుల్, పిచ్చి పిల్ల, నడక తనకే వచ్చినట్టు ఏడుస్తోంది, ఏమని తిట్టాలో వెతికితే ఈసారి తిట్టు దొరకలేదు, తహసీల్దారు ఆఫీసు మెట్లు దొరికాయి, మిరుగు కార్తెకు ముందు, కట్టె మీద వాలి తను, కింద మెట్టు మీద మహిపాల్, అన్నా, ఆ పిల్ల రెండు నెలలన్నది గద, ఆగు, కాళ్లొస్తే నువ్వే చేసుకో, రాకుంటే నేనేడికి పోత, అన్నాడు వాడు, రెండుసార్లు అన్నాడు, సైకిల్ తొక్కితే కాళ్లొస్తయారా పిచ్చి నా కొడకా, పైసలు లేకుంటే లేవని చెప్పు, ఇంకొకనికి అమ్ముత, అని ఆఫీసు బయట పదిమంది వినేలా నవ్వింది తను, మెట్లెక్కి వేలిముద్ర వేసింది తను, రోగం తినలేదు, మహిపాల్ గుంజుకోలేదు, ఒక చిన్నపిల్ల మాటను నమ్మడం నామోషీ అనుకున్నందుకు పోయింది, మానవపాడు నల్లరేగడి, రెండెకరాల పదమూడు గుంటలు.