వదిన వాంగ్మూలం

ఫోర్‌మన్ మగ్గం ఆపి, బెల్టులోంచి పిల్ల చెయ్యి బయటికి తీశాడు. పిల్ల స్పృహ తప్పి నేల మీద పడి ఉంది. అయినా ఆసుపత్రికి బండి పిలవలేదు. ముందు మూలన పడేసిన ఇనుప రేకు తెచ్చాడు, బెల్టు మీద పెట్టాడు, మరలు బిగించాడు. ఆ తర్వాతే బండి కోసం కేకేశాడు.

పక్క మగ్గం దగ్గర నిలబడి వదిన ఇదంతా చూసింది. ఆ పిల్ల ఆమె ఆడపడుచు. పిల్ల "వదినా, వదినా" అని పిలవగా పిలవగా, నేత మిల్లులో ఆ షెడ్డు మొత్తానికీ ఆమె వదినే అయిపోయింది, ఆమె కంటే పెద్దవాళ్లకు కూడా.

చేతులు బెల్టులో పడకుండా కాపాడేది ఆ రేకు. బెల్టుకు చుట్టుకున్న పీచు తీయాలంటే మగ్గం ఆపి రేకు విప్పాలి. ఆపితే గుడ్డ తగ్గుతుంది. అందుకని ఫోర్‌మన్ రేకులన్నీ విప్పించేసి, నడుస్తున్న బెల్టులోంచే పీచు లాగమన్నాడు. కంచే చేను మేయడమంటే ఇదే. ఇప్పుడేమో రేకు ఉండగానే పిల్ల ఆకతాయితనంగా చెయ్యి దూర్చిందట! చెయ్యి పోయింది, పైగా నింద. విచారణాధికారి వచ్చి మిల్లు ఆవరణలో అందరి ముందూ సాక్ష్యం వింటాడు. రేకు బిగించడం కళ్లారా చూసింది వదిన ఒక్కతే. ఆమె తడబడితే పిల్ల ఉద్యోగం ఊడుతుంది, విచారణ కోసం ఇప్పుడు బిగించిన రేకులన్నీ మళ్లీ మూలకు పోతాయి.

యూనియన్ పెద్ద, ముసలి ఫిట్టర్, ఆమెను యూనియన్ గదిలో అందరి ముందూ నిలబెట్టాడు. "చెప్పమ్మా, చూసింది చూసినట్టు చెప్పు."

వదిన నోరు తెరిచింది. పెదాలు చక్కగా కదిలాయి. గొంతు మాత్రం రాలేదు.

మగ్గాల హోరులో అరిచినా వినపడదు. షెడ్డులో అందరూ ఒకరి పెదాలు ఒకరు చూసే మాట్లాడుకుంటారు. ఏళ్ల తరబడి అలా మాట్లాడిన వదినకు, నలుగురిలో నోరు తెరిస్తే గొంతు కలపాలన్న సంగతే మరపున పడింది.

"బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేంటమ్మా?" అన్నాడు ఫిట్టర్.

"ఇంట్లో మా అన్నయ్య మీద లేచే గొంతు ఎక్కడ దాచావు వదినా?" అంది ఆడపడుచు, కట్టు కట్టిన మోచేతిని ఒళ్లో పెట్టుకుని.

అందరూ నవ్వారు. వదినకు ఒళ్లు మండింది. ఆ మంటకు గొంతు కాస్త పెగిలింది.

ఆ రోజు నుంచీ సాధన మొదలైంది. ఫిట్టర్ గది ఆ చివర గోడకు ఆనుకుని కూచుని "వినపడలా" అనేవాడు. "ముందు ఊపిరి తీసుకో, తర్వాత మాట. ముందు చూసింది చెప్పు, ఏడుపు తర్వాత." ఒకరు అధికారిలా ఆవలించేవారు. ఇంకొకరు మాట మాటకీ అడ్డం పడేవారు. ఫోర్‌మన్ వేషం మాత్రం ఆడపడుచు పట్టుబట్టి తీసుకుంది.

"ఏయ్! ఆ టైముకి మీరిద్దరూ కబుర్లు చెప్పుకుంటున్నారా, లేదా?"

వదిన మొహం పాలిపోయింది. అవును. తను ఏదో వేళాకోళమాడితే పిల్ల తల తిప్పి నవ్వింది. అప్పుడే బెల్టు లాక్కుంది. ఆ నవ్వు వదినను నిద్రలో కూడా వదలడం లేదు.

"అది అడక్కే, నీకు దణ్ణం పెడతా."

"వాడు అదే అడుగుతాడు. నా దగ్గరే చెప్పలేనిదానివి, వాడి ముందేం చెప్తావు?" పిల్ల కళ్లలో నీళ్లున్నాయి, గొంతులో లేవు. "చెప్పు. మాట్లాడుకున్నారా, లేదా?"

"మాట్లాడుకున్నాం!" వదిన అరిచింది. "మనిషన్నాక తల తిప్పడా? తల తిప్పినంత మాత్రాన చెయ్యి పోకూడదనే కదా ఆ రేకు పెట్టింది!"

"అదీ మాట," అన్నాడు ఫిట్టర్. "దీన్ని వదలకు."

ధైర్యం ఎవరికీ పుట్టుకతో రాదు. పదిమంది పట్టుబట్టి నేర్పితే వస్తుంది. వదిన మగ్గం దగ్గర కూడా పెదాలతో వల్లె వేసింది. షెడ్డంతా ఆ పెదాలు చదివింది, తప్పు పోతే పెదాలతోనే దిద్దింది. ఫోర్‌మన్ ఆమె వెనకాలే తిరిగాడు గానీ, వాడికి అరవడమే తప్ప పెదాలు చదవడం రాదు. విచారణ దగ్గరపడేసరికి ఆ వాంగ్మూలం అందరికీ కంఠతా వచ్చేసింది.

విచారణ రోజు మగ్గాలు ఆపేశారు. ఆవరణలో బల్ల, మైకు, అధికారి, పక్కన ఫోర్‌మన్. గేటు దగ్గర మిల్లువాళ్లు పిలిపించిన పోలీసు వ్యాను. ఆ నిశ్శబ్దం వదినకు అలవాటు లేదు. ఊపిరి తీసుకుంది.

"నేను కళ్లారా చూశాను. పిల్ల పడిపోయాక, బండి పిలవకముందు, ఈయన రేకు బిగించాడు."

ఫోర్‌మన్ దిగ్గున లేచాడు. "ఆ టైముకి మీరిద్దరూ కబుర్లు చెప్పుకుంటున్నారా, లేదా?"

"చెప్పుకుంటున్నాం." ఆమె గొంతు తొణకలేదు. "మనిషన్నాక..."

ఫోర్‌మన్ షెడ్డు వైపు చెయ్యి ఊపాడు. లోపలున్న అతని మనుషులు మగ్గాలన్నీ ఒక్కసారిగా నడిపించారు. కిటికీలు దద్దరిల్లాయి. మైకు ఆ హోరులో మునిగిపోయింది. అధికారి ఏమీ వినపడటం లేదన్నట్టు తల అడ్డంగా ఊపి కాగితాలు సర్దుకుని లేవబోయాడు.

వదిన ఆగలేదు. ఈ హోరు ఆమెకు పుట్టిల్లు. పెదాలతో చెబుతూనే ఉంది. ముందు వరస వాళ్లు ఆ పెదాలు చదివి గొంతెత్తారు. వెనక వరసలు అందుకున్నాయి. "మనిషన్నాక తల తిప్పడా?" అని ఆవరణంతా ఒక్క గొంతుతో అడిగింది. హోరును మించిన ఆ మాటకు అధికారి మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

ఫోర్‌మన్ సైగ చేశాడు. పోలీసులు వదిన రెక్కలు పట్టి ఈడ్చుకెళ్లి వ్యానులోకి తోశారు. తలుపు మూసుకుంది. కిటికీ జాలీలోంచి చూస్తే మైకు దగ్గర ఎవరూ లేరు. అంతా అయిపోయిందనుకుంది. దుఃఖం ముంచుకొచ్చింది.

అంతలో ఆడపడుచు మైకు ముందుకొచ్చింది. లేని చేతి మీద నుంచి చొక్కా మడత పైకి లాగి అందరికీ చూపించింది. వ్యాను ఇంజను మోతలో, మగ్గాల హోరులో వదినకు ఒక్క ముక్క వినపడలేదు. పిల్ల పెదాల మీదే చూపు నిలిపింది. తను ఆగిన చోటు నుంచే పిల్ల అందుకుంది. ఎక్కడా తడబడలేదు. చివర్లో, గదిలో ఎప్పుడూ సాధన చెయ్యని మాట ఒకటి తనే కలిపింది:

"రేకు లేని మగ్గం మేం ముట్టుకోం!"

ఆవరణలో పెదాలన్నీ ఒక్కసారే కదిలాయి. వదిన జాలీకి మొహం ఆనించి, వాళ్లతో పాటు, గొంతెత్తి అదే మాట అంది. పక్కన కూచున్న పోలీసు ఉలిక్కిపడ్డాడు.