రంగు పోని బోర్డులు

పొద్దున తొమ్మిదింటికి కన్యక ఇంటి నుంచి బయలుదేరుతుంది. తమ్ముడి ఫ్లెక్సీ షాపు నడిస్తే పావుగంట దూరం. ఆమెకు మాత్రం గంట పడుతుంది. కిరాణా షాపు ముందు కాసేపు, మూలమీది టైలరు దగ్గర కాసేపు, పాత బస్టాండు దగ్గరి సైకిల్ షాపు ముందయితే చాయ్ చల్లారేంత సేపు నిలబడుతుంది. నిలబడి బోర్డులు చూస్తుంది.

ఆమె మనసుపెట్టి చూసినదానికి రంగు పోదు. ఎన్ని ఎండలు కాసినా, ఎన్ని వానలు కొట్టినా నిన్న వేసినట్టే ఉంటుంది. పాత మేడ కిటికీకి సూర్యకిరణాల్లాగ వంచిన ఇనుప చువ్వలకు తుప్పు పట్టలేదంటే, ఆమె రోజూ ఆ దారిన పోవడమే కారణం. సిద్దిపేటలో ఇది అందరికీ తెలుసు. "అక్కా, మా దిక్కు గూడ జర చూడు" అని షాపులవాళ్లు స్టూలు వేస్తారు. కాని ఇందులో సిఫారసులు నడవవు. నచ్చకపోతే ఆమె చూపు నిలవదు, నచ్చితే ఆపుకోలేదు. ఒక పళ్ల డాక్టరు కొత్త బోర్డు పెట్టించి ఆమెను కారులో తీసుకెళ్లి మరీ చూపించాడు. పన్నుకు కళ్లూ నోరూ పెట్టి నవ్విస్తున్న ఆ బొమ్మను మర్యాద కోసం చాలాసేపే చూసింది పాపం. ఆరు నెలల్లో ఆ పన్ను పచ్చబడింది.

షాపులో ఆమె చేసే పని ఫ్లెక్సీలు కూర్చడం. ఒక పుట్టినరోజు ఫ్లెక్సీలో ముప్పై ముఖాలు పట్టాలి. పెద్ద నాయకుడి ముఖం పెద్దగా, చిన్న నాయకుడిది చిన్నగా, పక్కవాడి ముఖం తనకంటే వేలెడు పెద్దగుందని ఒకడు అలిగితే మళ్లీ మొదటికి. అరచెయ్యంత ఖాళీ కనిపించినా "గీడ ఇంకొకల ఫోటో పడ్తది గద" అంటారు. కన్యక వాటిని చేస్తుంది గాని చూడదు. అవి రెండు నెలలకే వెలిసిపోతాయి. "మనయి మాత్రం ఎన్నడు చూడకు అక్కా, దుకాణం మూసుకోవాలె" అని తమ్ముడు వెంకటేశం నవ్వుతాడు.

ఆమెకు నలభై ఆరేళ్లు. పెళ్లి కాలేదు. మేడ మీద ఒక గది కిరాయికి తీసుకుని ఉంటుంది. చూసినవి చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఒకసారి సైకిల్ షాపు బోర్డులోని అక్షరాల గురించి మరదలికి చెప్పబోయింది. "ఔనా వదినా" అని మరదలు దోసె తిరగేసింది. కన్యక మళ్లీ ఎవరికీ చెప్పలేదు.

ఆమెకు నచ్చిన బోర్డులన్నీ ఒకే చేతివి. కింద మూలన సన్నగా భిక్షపతి అని ఉంటుంది. పదకొండేళ్లుగా ఆ మనిషితో ఆమె మనసులో మాట్లాడుతూనే ఉంది. వెతుక్కుంటూ పోవడానికి మాత్రం మొహమాటపడింది.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం అతనే వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ బక్క మనిషి, ఒంటి మీద వాచ్‌మన్ చొక్కా.

"అమ్మా, బోర్డులు చూసేది మీరేనా?"

"నేనే. ఫ్లెక్సీ కావాల్నా?"

"వద్దమ్మా. నా పేరు భిక్షపతి. మాది నంగునూరు. గా బోర్డులు రాసింది నేనే."

కన్యక లేచి నిలబడింది. కుర్చీ జరిపింది, చాయ్ తెప్పించింది. పదకొండేళ్లు దాచుకున్న మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"సైకిల్ షాపు బోర్డుల అక్షరాలన్ని ఎడమకు జరిపి, కుడి దిక్కు గంత జాగ ఖాళీగ ఎందుకు ఇడిసినవన్నా?"

"సైకిల్ పోవద్దా అమ్మా? జాగ లేకుంటె ఎటు పోతది?" అన్నాడు భిక్షపతి. "గీ మాట ఎవరన్న అడుగుతరేమోనని రాసిననాటి సంది చూస్తున్న."

ఇద్దరూ నవ్వారు. టైలరు బోర్డులో ప్రతి అక్షరం చివరా దారంలాగ సన్నబడటం గురించి, కిరాణా షాపు పసుపులో కలిపిన చిటికెడు ఎరుపు గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. కన్యక తన గొంతు తానే వింటూ ఆశ్చర్యపోయింది. అంతసేపు ఆమె ఎవరితోనూ మాట్లాడి ఎరగదు.

భిక్షపతి చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అమ్మా, ఒకటడుగుత, తప్పు వట్టకున్రి. గా బోర్డులు చూసుడు బంద్ చెయ్యరాదున్రి."

ఆమెకు అర్థం కాలేదు.

"కొత్తయి కావాల్నంటె అందరు ఫ్లెక్సీకే వస్తున్రు. నాకు మిగిలింది పాతయి మళ్ల రాసుడే. అయ్యేమో పాతబడ్తలేవు. నాలుగేండ్ల సంది ఫంక్షన్ హాల్ గేటు కాడ కూసుంటున్న. అది గూడ పర్వాలేదమ్మా. మొన్న గోడ మీద బొగ్గుతోని గీత గీస్తె చెయ్యి వణికింది. ఇంకో ఏడాదైతె చెయ్యి మర్సిపోతది."

"నాకు నచ్చి చూసిన అన్నా" అంది కన్యక.

"ఎరుకేనమ్మా. గిట్ల చూసినోళ్లు నాకు ఎవరు లేరు. అందుకే ఎట్ల అడగాల్నో తెల్వక రెండు నెలలు ఆగిన."

తను ప్రేమగా చూడటమే అతని చేతిలో బ్రష్ లేకుండా చేసిందని కన్యకకు అప్పుడు తెలిసింది. సరేనన్నట్టు తలూపింది.

మర్నాటి నుంచి వెనక గల్లీలో నడిచింది. తప్పని చోట్ల కళ్లు రోడ్డు మీద పెట్టి పోయింది. పావుగంటలో షాపుకు చేరితే వెంకటేశం గడియారం వంక రెండుసార్లు చూశాడు. రోజూ పలకరించే మనుషులందరూ ఒక్కసారే ఊరు విడిచి పోయినట్టు అనిపించింది ఆమెకు. గదిలో అన్నం వండుకుని, సగం తిని, మిగతాది మూతపెట్టేది. ఏడుపు వచ్చిన రోజులూ ఉన్నాయి.

ఎండాకాలానికి టైలరు అక్షరాల చివరి దారాలు కనిపించకుండా పోయాయి. వానలు పడేసరికి సైకిల్ షాపు ఎరుపు గులాబీ రంగయింది.

"మా మీద కోపమొచ్చిందా అక్కా?" అని షాపులవాళ్లు అడిగారు.

"కండ్లు గుంజుతున్నయి" అని అబద్ధం చెప్పింది.

వాళ్లు ఒక్కొక్కరే ఫ్లెక్సీ కోసం వచ్చారు. కన్యక కంప్యూటర్ ముందు నుంచి లేవకుండానే అందరికీ ఒకటే చెప్పింది. "ఫ్లెక్సీ రెండు నెలలుంటది. చేతితోని రాసినదానికి సాటి రాదు. భిక్షపతిని పిలువున్రి." సొంత షాపులో కూర్చుని గిరాకీని బయటికి పంపుతుంటే ఎవరికి మండదు? వెంకటేశం రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు తనే చాయ్ తెచ్చి ముందు పెట్టాడు. ఎందుకని అడగలేదు.

దసరా దాటాక భిక్షపతి ఫంక్షన్ హాల్ గేటు విడిచిపెట్టాడని తెలిసింది. ఆ వారంలోనే ఒక పొద్దున, పాత బస్టాండు దగ్గర తల దించుకుని నడుస్తున్న కన్యకకు సైకిల్ షాపు ముందు నిచ్చెన కాళ్లు కనిపించాయి. వాటి పక్కన రోడ్డు మీద నీలం చుక్కలు. ఆగిపోయింది.

"అమ్మా" అని పైనుంచి పిలుపు.

"చెయ్యి ఎట్లున్నది అన్నా?" అంది, తల ఎత్తకుండానే.

"మొదటి రెండక్షరాలు వణికినయి. తర్వాత కుదిరింది. ఒక్కసారి చూడరాదున్రి."

కన్యక మెడ దానంతటదే లేవబోయింది. చెప్పుల వంక చూస్తూ గట్టిగా నిలబడింది.

"వద్దన్నా. నచ్చితె ఒక్కసారితోని ఆగదు నాకు."

భిక్షపతి బ్రష్‌ను రంగు డబ్బాలో పెట్టాడు. "మరి ఎట్ల?" అన్నాడు. ఆ అడగడంలో చిన్నపిల్లవాడి దిగులు ఉంది.

"చెప్పు. వింట."

నిచ్చెన మీద నిలబడే చెప్పడం మొదలుపెట్టాడు. అక్షరాలకు వేసింది పొద్దుగూకినంక కోమటి చెరువు మీద ఉండే నీలమని చెప్పాడు. పక్కన సన్నగా తెల్ల గీత, అదీ ఒక్క దిక్కే, ఎండ అటునుంచి వస్తుంది కాబట్టి అన్నాడు. కన్యక కళ్లు మూసుకుని విన్నది. అక్కడక్కడ ఆపి అడిగింది. ఆటోలవాళ్లు హారన్ కొట్టకుండా ఆమెను తప్పించుకుని పోయారు. సైకిల్ షాపాయన ఇద్దరికీ చాయ్ చెప్పాడు.

ఆ బోర్డును కన్యక ఇప్పటిదాకా చూడలేదు.