పోగు తీయని బొంత

ఉడకబెట్టిన పసిపిల్లల జుబ్బాలను తీగ మీద ఆరేస్తూ, షహజాది ప్రతిదాని అంచునూ వేళ్లతో తడిమి చూస్తోంది. ఎక్కడో ఒకచోట దారం లేచి ఉంటుంది. పిల్లల బట్ట ఎవరికైనా ఇచ్చేముందు ఈ చుట్టుపక్కల తల్లులు అంచులోంచి ఒక పోగు లాగి ఇంట్లో ఉంచుకుంటారు. బట్ట వెంట బిడ్డ ఆయుష్షు పోకూడదని. హిందువుల ఇంటిదైనా, ముస్లిముల ఇంటిదైనా అంతే. అలా వదులైన అంచును మడిచి కుట్టడం షహజాది పని.

బూర్గంపాడులో నిర్మలాదేవి గారి పాత వడ్ల గోదాము అది. ఆవిడ ఊళ్లలో వాడి పక్కన పెట్టిన జుబ్బాలు, లంగోటీలు, బొంతలు అడిగి తెచ్చి, శుభ్రం చేసి, కెన్యాలోని అనాథాశ్రమాలకు పంపుతారు. కొత్తవి కొని పంపే స్తోమత ఎవరికీ లేదు.

షహజాది ఎనిమిదిలో బడి మానింది. బక్కపలచటి మనిషి. బొటనవేలి కొసన సూదిపోట్ల మచ్చలు. ఎవరితో మాట్లాడుతున్నా చూపు మూలనున్న ఉయ్యాల మీదే ఉంటుంది. కుట్టు మధ్యలో లేచి వెళ్లి, నిద్రపోతున్న కూతురి ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి తగిలాక వచ్చి కూర్చుంటుంది.

ముందు పుట్టి పోయిన బిడ్డకు మొగుడు రెహమాన్ ముచ్చటపడి కొత్త తువ్వాలు తెచ్చాడు. పసిఒంటికి ముందు పాతగుడ్డ తగలాలని అత్త అంటూనే ఉంది. ఆ తువ్వాలు మీద షహజాదికి ఇప్పటికీ అనుమానమే. ఈ కూతురు ఆతియా కూడా నెలలు నిండకుండానే పుట్టింది. భద్రాచలం దవాఖానాలో గాజుపెట్టెలోంచి తీసి చేతికిచ్చినప్పుడు, అత్త పాత చీరతో కుట్టిన ఆకుపచ్చ బొంతలో చుట్టుకుంది. అప్పటినుంచి ఆ బొంత లేకుండా పిల్లను పడుకోబెట్టలేదు. ఇప్పుడు పిల్ల గోడ పట్టుకుని నడుస్తోంది. కప్పితే మోకాళ్ల దాకా బయటే.

"ఇంకెన్నొద్దులు గప్పుతవే? పిల్ల తాటిచెట్టు లెక్క పెరుగుతున్నది" అంది బట్టలు డబ్బాల్లో సర్దే పూలి.

"నజర్ వెట్టకు, పూలక్కా. దిష్టి తగుల్తది."

"నా నజర్ గంత గట్టిదైతే నా మొగుని తాగుడెప్పుడో బందైతుండె."

పొద్దున ఆతియా బొంత తడిపింది. ఉతికి తీగ చివరన వేసి, షహజాది మధ్యాహ్నం పాలిస్తూ కునుకు తీసింది. లేచి చూస్తే తీగ ఖాళీగా ఉంది.

"అక్కా, నా బొంతేది?"

"తీగ మీదున్నయన్నీ సదిరిన. మబ్బు వట్టిందని జానీ మియా డబ్బాలన్నీ ట్రాలీల జల్దీ ఏస్కపాయె. అండ్ల నీదున్నదని నాకేమెరుక?"

పోగు తీయలేదు. షహజాది పిల్లను చంకనేసుకుని పరుగెత్తింది. సందు మలుపులో టీ కొట్టు ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. జానీ మియా సాసర్లో టీ ఊదుకుంటున్నాడు.

"ఏందమ్మా, చెప్పులు గూడ ఏస్కోలే?"

"నా బొంత డబ్బాల వడ్డది, చాచా. పోగు తియ్యలే."

ముసలాయన సాసరు దించాడు. పైనున్న డబ్బా తాడు కోశాడు. ఆకుపచ్చ అంచు వెంటనే కనబడింది. షహజాది బొంతను లాగి ఆతియా చుట్టూ కప్పింది. పిల్ల కాళ్లతో తన్ని కింద పడేసి, టీ కొట్టు మేకను చూసి నవ్వింది.

బొంత తీసిన చోట అరచేయంత జుబ్బాలున్నాయి. డబ్బా మీద ఇంగ్లీషులో నిర్మలాదేవి గారి రాత. షహజాది కూడబలుక్కుని చదివింది. నెలలు నిండని పిల్లలకు.

ఆమె ఆ జుబ్బాల మీద కాసేపు చేయి ఉంచింది. తర్వాత కింద పడ్డ బొంత తీసుకుని, అంచును పంటితో పట్టి పోగు లాగింది. అది తెగకుండా మూరెడు పొడవున వచ్చింది. దులిపి, మడిచి, బొంతను మళ్లీ డబ్బాలో పెట్టింది.

"ఇస్తున్నవా?" అన్నాడు జానీ మియా.

"పోనీ, చాచా. గా పిల్లలకు పాతగుడ్డ ఇయ్యనీకె నాయనమ్మలుంటరా?"

ట్రాలీ గోదావరి వంతెన వైపు సాగిపోయింది. చినుకులు మొదలయ్యాయి. వెనక్కి నడుస్తుంటే అరికాళ్ల మంట అప్పుడు తెలిసింది. చాలా రోజుల తర్వాత ఛాతీ నిండా గాలి పీల్చుకుంది.

ఆతియా బొంత లేకుండానే నిద్రపోయింది. షహజాది మిగిలిన జుబ్బాలన్నీ కుట్టి సూది పక్కన పెట్టాక గుర్తొచ్చింది, మధ్యలో పిల్ల ఊపిరి చూడటానికి ఒక్కసారీ లేవలేదని. ఇప్పుడూ లేవలేదు. ఉయ్యాల తాడుకు చుట్టిన ఆకుపచ్చ పోగు, పిల్ల ఊపిరికో చినుకుల గాలికో, మెల్లగా కదులుతూ ఉంది.