వెలుగు పడిన చోట

ఇరుగుపొరుగు అందరి ఫోటోలూ తీసిన మాస్టారి అక్కకి తన ఫోటో ఒక్కటీ లేదు. ఎవరైనా ఫోను ఎత్తితే చాలు, అరచెయ్యి ముఖానికి అడ్డం పెట్టేసుకునేది. ఆవిడ పోయాక మేనకోడలు మాస్టారిని అడిగింది ఒక్కటే.

"గోడకి పెట్టుకోడానికి అమ్మ ముఖం ఒక్కటి వెతికిపెట్టు మావయ్యా."

మాస్టారు అక్క ఇల్లంతా జల్లెడ పట్టారు. ముఖం దొరకలేదు గానీ, బీరువా అడుగున ఆవిడ కెమెరా దొరికింది. మొదటి జీతంతో కొన్న సెకండ్‌హ్యాండ్ కెమెరా. అడుగున ఎవరిదో పేరు గీకేసి ఉంటుంది. తోలు సంచిలో ఒక రీలు కూడా ఉంది, కొస నాలుకలా బయటికి వేలాడుతూ. తీసేసిన రీలుకి కొస లోపలికి చుట్టుకుపోతుంది కదా, కొత్తదే అనుకుని ఎక్కించారు.

చిన్నప్పుడు ఆయనకి రీలు ఎక్కించడం నేర్పింది అక్కే. 'వెలుగు నీ వీపున ఉండాలిరా మొద్దూ' అని నెత్తిన మొట్టేది. ఇన్నేళ్ళయినా ఆ మీట తిప్పడం వేళ్ళు మరిచిపోలేదు. ఎండ బాగున్నప్పుడు చూసి మరీ తీశారు: బడి గోడ, ఆరేసిన దుప్పట్లు, మెట్ల మీద పిల్లి. తీస్తున్నంతసేపూ అక్క వెనకాల నిలబడి తిడుతున్నట్టే ఉంది. చాలా రోజుల తర్వాత ఆయనకి ఆకలేసింది.

అక్క కుట్టుమిషను గదిలో మాత్రం నిలవలేకపోయారు. గుమ్మంలోంచే, కిటికీకి ఎదురుగా, ఒక్కటి తీసి బయటపడ్డారు.

కడగడానికిచ్చిన రీలు తాలూకు ఫోటోలు తెచ్చుకోడానికి మేనకోడలితో వెళితే, స్టూడియో ఆయన కవరు ఇవ్వకుండా నసిగాడు.

"ఈ రీలు మీరే తీశారా మాస్టారూ?"

"నేనే. ఏం, అంత దరిద్రంగా ఉన్నాయా?"

"అది కాదండీ. ఒకే రీలు మీద రెండుసార్లు తీశారు. కింద ఎవరో ఉన్నారు."

మేనకోడలు నెగెటివ్‌ని దీపానికి ఎత్తి పట్టి చూసింది.

"కొస బయటికుందా మావయ్యా?"

"ఉంది. అందుకేగా కొత్తదనుకున్నా."

"రీళ్ళు ఇంట్లోనే కడుక్కోవడం మొదలెట్టాక అమ్మ తీసేసిన రీలుకి కూడా కొస బయటే వదిలేది. లాగడానికి వీలని." ఆ పిల్ల గొంతు తగ్గింది. "దీన్ని కడిగే ఓపిక లేకపోయింది కాబోలు."

ఫోటోలు బల్ల మీద పరిచారు. బడి గోడ మీద అక్క లేదు. దుప్పట్లలో లేదు. ఎండ బాగా పడిన చోటల్లా ఆవిడ చెరిగిపోయింది. కుట్టుమిషను గది ఫోటోలోనే, కిటికీ చుట్టూ ఉన్న చీకట్లో, కుర్చీ కనిపించింది. కుర్చీలో కొత్త శాలువా, భుజాలు, గడ్డం అంచు. ఆపైన, ముఖం ఉండాల్సిన చోట, కిటికీ తెలుపు.

"ఆస్పత్రికి వెళ్ళేముందు కొనుక్కున్న శాలువా," అంది మేనకోడలు. "ఎవరికీ చెప్పకుండా, టైమరు పెట్టుకుని, కూర్చుని తీసుకుంది. నాకోసమే కదా మావయ్యా?"

"తిట్టవే నన్ను. నోరారా తిట్టు."

"తిట్టే మనిషి పోయిందిగా."

స్టూడియో ఆయన మెల్లగా అడిగాడు, "ఇది కట్టమంటారా అమ్మా, ఫ్రేము?"

"కట్టండి."

మాస్టారు ఫోటోలోని కిటికీ వైపు చూడలేకపోయారు. చేతుల్నే చూశారు. అక్క ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి.