గోడ వెనక చెమ్మ

మా బాబాయి గోడలకు రంగులు వేస్తాడు. మొండితనం మాత్రం గోడలే ఆయన్ని చూసి నేర్చుకోవాలి. చిన్నప్పుడు అమ్మానాన్నలు పనులకు పోతే నన్ను చంక దింపకుండా పెంచింది ఆయనే. అలాంటి మనిషి, నా పాపాయికి ఐదు నెలలు నిండినా ఒక్కసారి ఎత్తుకోలేదు. "చేతులకి రంగుందమ్మా" అంటాడు. ఆదివారం కూడా రంగేనట!

అసలు సంగతి నాకు తెలుసు. సోరియాసిస్. మోచేతుల మీద ఎర్రటి మచ్చలు, వాటిపై తెల్లటి పొట్టు. పరీక్ష కోసం తీసిన ఆయన చర్మపు ముక్క నేను పనిచేసే ల్యాబుకే వచ్చింది. పలచగా కోసి, రంగు పట్టించి, స్లయిడు చేసింది నేనే. మాదీ రంగుల పనే మరి.

ఆ ఆదివారం పాపను తీసుకుని వెళ్లేసరికి బాబాయి పెరట్లో కూర్చుని, గోడలు రుద్దే గరుకు కాగితంతో మోచెయ్యి రుద్దుకుంటున్నాడు. పక్కన డాక్టరిచ్చిన ఆయింటుమెంటు. చర్మం మీద సూదిమొనంత నెత్తురు చుక్కలు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏంటి బాబాయ్ ఈ పని?"

"పాత పెచ్చులు గీకకుండా కొత్త పూత నిలుస్తుందా? నాకా చెప్తావు!"

కాగితం లాక్కుని, ఫోనులో ఆయన స్లయిడు ఫొటో చూపించాను.

"ఇవన్నీ రక్తనాళాలు. మామూలుగా సన్నగా, బుద్ధిగా ఉంటాయి. నీ పైచర్మం వాటిని పెంచే పదార్థం అదే పనిగా వదులుతోంది. అందుకే ఉబ్బి, మెలికలు తిరిగి పైదాకా వచ్చేశాయి. గీకితే నెత్తురు రాక ఏమొస్తుంది? గాయం చేసేకొద్దీ ఇంకా రేగుతుంది."

బాబాయి ఫోను దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి చూశాడు.

"అంటే చెమ్మ లోపల్నుంచి వస్తోంది. నేనేమో పైన గీకుతున్నాను."

"అంతే."

పాప వైపు చూస్తూ, ఐదు నెలలుగా దాచుకున్నది అడిగేశాడు. "మరి... దీనికి అంటదా?"

"మన గోడలో పైపు కారితే ఎదురింటి గోడకి చెమ్మెక్కుతుందా బాబాయ్?"

అది ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా మూడుసార్లు చేతులు కడుక్కుని వచ్చి పాపను అందుకున్నాడు. దాని తల ఆయన మోచేతి వంపులో ఆనింది. కళ్లు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. నేనే తుడిచాను.

"చేతులకి రంగేం లేదమ్మా. ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాను" అన్నాడు.

"తెలుసులే. సరిగ్గా పట్టుకో."