ఓర్లీన్ కోసం నింపిన తూటాలు

మార్చి మొదటి మంగళవారం పొద్దున, పొయ్యి మీద కాఫీ ఇంకా మరుగుతుండగానే, డెన్విల్ నేపియర్ షెడ్డులో పనిబల్ల ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. భార్య ఓర్లీన్ వెళ్ళి చూసేసరికి అతని చెయ్యి బల్ల మీద వాలి ఉంది. పక్కన చెక్క ట్రేలో తూటాలు వరసగా నిలబడి ఉన్నాయి. ట్రే అంచుకు అంటించిన కాగితం మీద అతని గుండ్రటి చేతిరాత: "ఓర్లీన్ కోసం. మెత్తనివి." కింద ఆ రోజు తేదీ.

యాభై గుంటల ట్రే అది. ఒక గుంట ఖాళీగా ఉంది. ఇత్తడి గుల్ల ఏదో పగిలినట్టు కనబడితే పక్కన పడేసి ఉంటాడని ఆమె అనుకుంది. అంత్యక్రియలు అయ్యాక ట్రేని వంటింట్లోకి తెచ్చుకుని, షెడ్డుకు తాళం వేసింది. మళ్ళీ తియ్యలేదు.

కెంటకీ కొండల్లో, ఆ కేనీ లోయలో, తూటాలు ఎవరివి వాళ్ళు నింపుకుంటారు. కాల్చిన ఇత్తడి గుల్లలు దాచి, మందు తూచి పోసి, సీసపు గుండు కూర్చి, మళ్ళీ వాడతారు. ఒకరు నింపిన తూటా ఇంకొకరు తమ తుపాకీలో పెట్టరు. లారీ అరువిస్తారు, కుక్కను అరువిస్తారు, తూటా మాత్రం సొంత తమ్ముడు ఇచ్చినా నవ్వి జేబులో వేసుకుంటారు. డెన్విల్ మాట వేరు. అతని తూటాలంటే లోయంతా గౌరవం. ఓర్లీన్ తూటా కొనడమే ఎరగదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ కొండదారుల్లో స్కూలు బస్సు నడిపి, ఒక్క పిల్లకు గీత పడకుండా దింపి, ఆమె పని మానేసిన రోజున డెన్విల్ ఆమెకు అయిదు తూటాల చిన్న రివాల్వర్ కొనిచ్చాడు. అది తేలికైన లోహంతో చేసింది. తేలిక కాబట్టే చేతిని గట్టిగా తంతుంది. అందుకే మెత్తనివి నింపేవాడు.

మే నెలలో ఒక ఆదివారం ఆమె చర్చికి వెళ్ళి వచ్చేసరికి వెనక తలుపు విరిగి ఉంది. చెట్లు కోసే రంపం, డెన్విల్ గాలాలు పోయాయి. ఫోను చేసిన గంటా పది నిమిషాలకు షెరీఫ్ మనిషి వచ్చి రాసుకుని వెళ్ళాడు. సాయంత్రం మరిది హెర్షల్ వచ్చాడు. నలభై ఏళ్ళు బొగ్గుగనిలో పనిచేసిన మనిషి, కుర్చీలో కూర్చుంటే కుర్చీ కనబడదు.

"వదినా, టౌన్లో మా అమ్మాయి ఇంటి పక్కన రెండు గదుల ఇల్లు ఖాళీగా ఉంది. ఒకసారి చూసి రా. పోయేదేముంది?"

"పోయేది ఈ ఇల్లు."

"ఈసారి నువ్వు ఇంట్లో ఉండగా వస్తే?"

"వచ్చేవాడు నా గురించి కనుక్కుని రావాలి."

"ఆ సబ్బుబిళ్ళంత తుపాకీ చూపించి భయపెడతావా?"

"నీ తుపాకీ బస్సంత ఉంటుందిగా. దాన్ని ఇటు నుంచి అటు తిప్పాలంటే ముందుకీ వెనక్కీ రెండుసార్లు పోవాలి."

హెర్షల్ నవ్వలేదు. ఆమె పళ్ళెంలో పెట్టిన మొక్కజొన్న రొట్టె చివరి ముక్క తిని, చేతులు తుడుచుకున్నాడు. "సరే, శనివారం గ్లెన్నా కొట్టు వెనక క్వారీకి రా. ఏడు అంగల దూరంలో కాగితం ప్లేటు పెడతాను. అయిదుకి అయిదూ పడితే ఇల్లు మాట మళ్ళీ ఎత్తను. పడకపోతే టౌన్లో ఇల్లు చూడటానికి వస్తావు."

"మాటేనా?"

"నా మాట చాలదా?"

"డెన్విల్ మాటైతే అడిగేదాన్ని కాదు. నీది కాబట్టి అడిగాను."

అతను చెయ్యి చాపాడు. ఆమె గట్టిగా పట్టి ఊపింది.

గ్లెన్నాది తండ్రి నుంచి వచ్చిన తుపాకుల కొట్టు. చిన్నప్పుడు ఓర్లీన్ బస్సులో నాలుగో సీటులో కూర్చుని, కిటికీ అద్దం మీద వేలితో బొమ్మలు గీసిన పిల్ల. ఇప్పుడు జుట్టు నెరిసింది గాని ఓర్లీన్ కనబడితే లేచి నిలబడుతుంది. శనివారం పొద్దున క్వారీలో ప్లేటు అట్టకు గుచ్చి, అంగలు తనే కొలిచింది.

ఓర్లీన్ ట్రేలోంచి అయిదు తూటాలు తీసి పెట్టుకుంది. మొదటిది ప్లేటు మధ్యలో పడింది. రెండోది దాని పక్కనే. మూడోసారి ట్రిగ్గర్ కదలలేదు. ఇంకాస్త బలంగా లాగింది. రాయిని లాగినట్టే ఉంది.

"వేలు తీసెయ్యండి, అత్తా. మూతి అటే ఉంచండి," అని గ్లెన్నా వచ్చి రివాల్వర్ అందుకుంది. పక్కనుంచి వెలుతురులో పెట్టి చూసింది. కాల్చని తూటా ఒకదాని గుండు తన గుల్లలోంచి ముందుకు జారి, తూటాలు పట్టి తిరిగే చక్రంలోంచి బయటికి పొడుచుకొచ్చింది. చక్రం తిరగబోతే అది అడ్డం పడుతోంది. గ్లెన్నా సన్నటి చెక్కపుల్లతో దాన్ని వెనక్కి నెట్టి, చక్రం తెరిచి, మిగిలిన మూడింటినీ అరచేతిలో పోసుకుంది. వేలిగోటితో ఒక్కోదాని అంచు తడిమింది.

"తుపాకీ తేలిక కదా. అది వెనక్కి తన్నినప్పుడల్లా మిగతా గుండ్లు ముందుకు జారాలని చూస్తాయి. గుల్ల పెదవిని లోపలికి వంచి బిగిస్తే జారవు. వీటికి అంచు బిగించలేదు."

హెర్షల్ నేల వైపు చూశాడు. "అన్నయ్య చెయ్యి చలికాలం నుంచీ వణుకుతూనే ఉంది. చివర్లో మరిచిపోయి ఉంటాడు."

"డెన్విల్ మరిచిపోడు."

"తప్పు పట్టడం లేదు, వదినా."

"పట్టావు."

ఓర్లీన్, "వంటింట్లో పొయ్యి పక్కన పెట్టాను. ఆవిరి తగిలి ఉంటుంది. తప్పు నాదే," అంది. ఆవిరి తగిలితే ఇత్తడి అంచు విచ్చుకోదని గ్లెన్నాకు తెలుసు. ఓర్లీన్‌కూ తెలుసు. గ్లెన్నా ఆ మూడు తూటాలనూ తిరిగి ట్రేలో నిలబెట్టి, మూత వేసింది.

"ఇదే మీ వాకిట్లో జరిగి ఉంటే, అత్తా? ఎవరు నింపారన్నది అప్పుడు పనికిరాదు. ఫ్యాక్టరీవి పెట్టుకోండి. ఏవన్నది మీరే తేల్చుకోండి, నేను చెప్పను."

హెర్షల్‌కు చెప్పడానికి పిలుపు అక్కర్లేదు. కొట్లోకి వెళ్ళి మెరిసే పెట్టె ఒకటి తెచ్చాడు. మందు దట్టించినవి, ముక్కు బోలుగా ఉన్నవి. "ఇవి లోపలికెళ్ళి పువ్వులా విచ్చుకుంటాయి. మనిషి అక్కడే ఆగిపోతాడు."

ఓర్లీన్ వాటితో అయిదు కాల్చింది. రెండే ప్లేటులో పడ్డాయి. బొటనవేలి మొదట్లో, ఎప్పుడూ నొప్పిపెట్టే చోట, సుత్తితో కొట్టినట్టయింది. ఆమె చెయ్యి విదిలించలేదు. జేబులో పెట్టుకుంది.

"విచ్చుకుంటాయా?" అని గ్లెన్నాను అడిగింది.

"పొడుగు గొట్టంలోంచి వస్తే విచ్చుకుంటాయి. మీ గొట్టం పొట్టిది. వేగం చాలకపోతే విచ్చుకోవు. చూద్దాం పదండి."

పాత జీన్సు ప్యాంటు గుడ్డ నాలుగు మడతలు వేసి, నీళ్ళు నింపిన పాల డబ్బాల వరుస ముందు కట్టారు. ఓర్లీన్ దగ్గరగా నిలబడి ఒకటి కాల్చింది. నాలుగో డబ్బా అడుగున గుండు దొరికింది. ముక్కులో నీలం గుడ్డ కుక్కుకుపోయి, ఏ మార్పూ లేకుండా ఉంది.

"పువ్వు మొగ్గలోనే ఉండిపోయింది, హెర్షల్," అంది ఓర్లీన్.

ఆ తర్వాత ఆమె గ్లెన్నా కొట్లో అరలన్నీ తనే చూసింది. ఒక్కో పెట్టె మూత తీసి, తూటా చేతిలో పట్టుకుని చూసి, పెట్టేసింది. చివరికి కింది అరలోంచి బల్లపరుపు గుండ్ల పెట్టె తీసింది. ముక్కే ఉండదు. పందాల్లో కాగితం మీద గుండ్రటి కన్నాల కోసం వాడేవి.

"అవి కాగితం చింపేవి, వదినా."

"కాగితం చింపేది నాలుగు డబ్బాలు దాటుతుందేమో చూద్దాం."

దాటింది. జీన్సు గుడ్డలో నాణెమంత రంధ్రం శుభ్రంగా పడింది. నాలుగు డబ్బాలనూ తిన్నగా దాటుకుని గుండు అయిదో దాంట్లో ఆగింది. చేతిని తన్నింది గాని మాట వినే తన్ను. గ్లెన్నా ఒక లోపం మాత్రం చెప్పింది: ముక్కు లేదు కాబట్టి హడావిడిలో మళ్ళీ నింపడం కష్టం, చక్రం రంధ్రాల్లోకి తొందరగా దూరవు.

"అయిదుతో తేలనిది పదితో తేలుతుందా?" అంది ఓర్లీన్. "అయినా ఇంటి దగ్గర రోజూ ఖాళీ గుల్లలతో చెయ్యి తిప్పుకుంటాను. బస్సును వెనక్కి నడపడం కూడా ఒక్కరోజులో రాలేదు."

"ఇంతసేపూ తూటాలు చూసుకున్నాం. పందెం ఇప్పుడు," అని గ్లెన్నా కొత్త ప్లేటు గుచ్చింది. ఓర్లీన్ కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు చాచి, తొందర లేకుండా అయిదూ కాల్చింది. ప్రతిసారీ చక్రం మెత్తగా తిరిగింది. అయిదు కన్నాలనూ ఒక కాఫీ సాసరు కింద దాచొచ్చు.

హెర్షల్ నడిచి వెళ్ళి ప్లేటు తీసుకున్నాడు. వేలితో ఒక్కో కన్నం ముట్టుకున్నాడు. "ఇది నాకిస్తావా, వదినా? రేపు చర్చిలో చూపిస్తాను."

"నీది నువ్వు కాల్చుకుని చూపించుకో."

"నాది చూపిస్తే పాస్టరుగారు నా కోసం ప్రార్థన చేయిస్తారు."

గ్లెన్నా నవ్వింది. ఓర్లీన్ కూడా. మార్చి తర్వాత ఆమె బయట నవ్వడం అదే మొదలు. ప్లేటు మాత్రం ఇవ్వలేదు. ఇంటికి వచ్చి వంటింటి గోడకు, డెన్విల్ టోపీ పక్కన మేకుకు గుచ్చింది. అయిదు బల్లపరుపు తూటాలు రివాల్వర్‌లో పెట్టింది. ఇల్లు ఆమెదే.

కాని హెర్షల్ అన్న మాట లోపల ముల్లులా ఉండిపోయింది. మరిచిపోయి ఉంటాడు. ఆమె ట్రే మూత తీసి ఖాళీ గుంటను చాలాసేపు చూసింది. తర్వాత తాళంచెవి తీసుకుని షెడ్డుకు వెళ్ళింది.

బల్ల మీద దుమ్ము పట్టింది. తూటాలు నింపే ప్రెస్సు పిడి కిందికి నొక్కి ఉంది. పిడి పైకెత్తగానే ప్రెస్సు నోట్లోంచి ఒక తూటా కిందికి దిగింది. ఆమె దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, గ్లెన్నా చేసినట్టు అంచు మీద వేలిగోరు నడిపింది. పెదవి చుట్టూ సమంగా, లోపలికి వంగి ఉంది. యాభయ్యోది. అంచు బిగించిన ఒకే ఒక్కటి.

ఆమె హెర్షల్‌కు ఫోను చేసి, "వచ్చి ఒకటి చూడు," అంది. అతను వచ్చి టోపీ తీసి గుమ్మంలో నిలబడ్డాడు. ప్రెస్సు చూశాడు. ఆమె చేతిలోని తూటా చూశాడు. ట్రే మీది కాగితం చదివాడు.

"పేరు ముందే రాసేవాడు," అన్నాడు చివరికి. "అంచు ఆఖర్న బిగించేవాడు. మా నాన్న అలాగే నేర్పాడు. పేరు రాసేశాక పని సగంలో వదలబుద్ధి కాదని. నాకు ఈ మాట క్వారీలోనే గుర్తు రావలసింది. అన్నయ్య మరిచిపోలేదు, వదినా. మొదలుపెట్టాడు."

"అదే మాట రేపు చర్చిలో చెప్పు. ప్లేటు సంగతి కాదు."

"చెబుతాను. మిగతావి నేను బిగించి పెట్టనా?"

"వద్దు. ఒకరు నింపినవి ఇంకొకరు ముట్టుకోరు. నా పేరున ఉన్నవి నేనే బిగించుకుంటాను. పిడి ఎంత బలంగా నొక్కాలో చూపించు చాలు."

అతను ఖాళీ గుల్లతో రెండుసార్లు చూపించి వెళ్ళిపోయాడు. ఓర్లీన్ బల్ల తుడిచింది. బిగించిన తూటాను ట్రేలో దాని గుంటలో నిలబెట్టింది. డెన్విల్ కుర్చీలో కూర్చుని, పిడి మీద చెయ్యి వేసి, ఇవాళ కాదనుకుని తీసేసింది. ట్రేలో మిగిలిన నలభై ఏడు తూటాలకు ఇంకా అంచు బిగించలేదు.